కలరా కాదు

మొన్న మా చెల్లెలికి ఒంట్లో నలతగా ఉంటే ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కుర్ర డాక్టరు నాడి చూశాడు, కడుపు నొక్కి చూశాడు, కంప్యూటరు ముందు కూర్చుని మందుల పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాడు. మూడో మందు దగ్గర టింగుమని సన్నటి చప్పుడు. తెర మీద ఎర్రటి గడి ఒకటి లేచింది. అతను దాన్ని చదవలేదు. ఈగను తోలినట్టు వేలితో ఒక నొక్కు నొక్కి మూసేశాడు. నాలుగో మందుకీ అదే చప్పుడు, అదే నొక్కు. "ఏమంటోంది బాబూ అది?" అని అడిగాను. "ఏం లేదండీ, దానికదే అరుస్తూ ఉంటుంది. ఈ మందుకి ఆ మందు పడదంటుంది, కిడ్నీలు చూసుకోమంటుంది. అన్నీ చదువుతూ కూర్చుంటే బయట లైను కదలదు," అన్నాడు నవ్వుతూ. "కదలకపోతే పోనీ. చదువు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని నొక్కింది. అతను చదివాడు. చదివి, ఒక మాత్ర కొట్టేసి ఇంకొకటి రాశాడు. నా మొహం మాత్రం చూడలేదు.

ఇంటికి వచ్చాక కూడా నా కోపం తగ్గలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి అంత కోపం దేనికని మా చెల్లెలు దెప్పింది. ఆ కోపం ఆ కుర్రాడి మీద కాదు. అది చాలా పాతది. అరవైల చివర్లో, కంప్యూటరన్న మాట అనకాపల్లిలో ఎవరి నోటా వినబడని రోజుల్లో, ఒక నర్సు ఇదే పనిని అట్ట ముక్కలతో చేసింది. ఆవిడ చెప్పినదాన్ని కూడా ఇలాగే చదవకుండా మూసేశారు. మూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు జేబున్నీసా. బెల్లం వర్తకుల చందాలతో నడిచే చిన్న ధర్మాసుపత్రిలో హెడ్ నర్సు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. ఆవిడ తండ్రి మెయిన్ బజారులో పుస్తకాలకు బైండింగు చేసేవారు. ఆడపిల్ల నర్సు చదువుకు వెళ్ళిందని బంధువులు కొన్నేళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదట. ఆ మాట ఆవిడ నాతో చెప్పినప్పుడు గొంతులో బాధ లేదు, కోపమే ఉంది. పొడగరి. వార్డు ఈ చివర్నుంచి పిలిస్తే ఆ చివర్న పడుకున్న రోగి లేచి కూర్చునేవాడు. నేను మాకవరపాలెం దగ్గర పల్లె నుంచి నర్సింగు పూర్తిచేసుకుని, ఇరవై ఒకటో ఏట ఆవిడ కింద చేరాను. మా ఇళ్ళలో పెద్దక్కను అప్ప అంటాం. వాళ్ళ ఇళ్ళలో ఆపా అంటారు. మొదటి వారంలోనే పొరపాటున అప్పా అని పిలిచాను. ఆవిడ ఆపా అని విన్నది. ఆ తర్వాత నేను దిద్దలేదు, ఆవిడా దిద్దలేదు.

ఆపా గదిలో ఒక రేకు పెట్టె ఉండేది. అందులో అరచెయ్యంత అట్ట చీటీలు, ఒక్కో జబ్బుకు ఒక్కో చీటీ. చీటీ నాలుగు అంచుల వెంబడీ వరసగా బెజ్జాలు. ఒక్కో బెజ్జం ఒక్కో లక్షణానికి. జ్వరం ఒకటి, మెడ బిగుసుకోవడం ఒకటి, నోట్లో నీళ్ళూరడం ఒకటి, అలాగ. ఆ జబ్బుకు ఆ లక్షణం ఉంటే, ఆ బెజ్జం నుంచి అంచు దాకా కత్తెరతో చీల్చి ఉంచేది. రోగికి ఉన్న లక్షణం ఏదో చూసుకుని, చీటీలన్నీ దొంతరగా పట్టుకుని, ఆ బెజ్జంలోంచి గొడుగు ఊచ ఒకటి దూర్చి పైకెత్తి విదిలిస్తే, చీల్చి ఉన్న చీటీలు జారి బల్ల మీద పడేవి. పడినవాటిని మళ్ళీ దొంతర చేసి రెండో లక్షణం. ఆఖరికి నాలుగో అయిదో మిగిలేవి. వాటి మీద ఏ జబ్బు కావచ్చో, ఇంకా ఏం చూడాలో, ఏ మందు ఇవ్వకూడదో ఆవిడ గుండ్రటి అక్షరాల్లో ఉండేది. ఎప్పుడో ఒక డాక్టరు వదిలేసి వెళ్ళిన పాత విదేశీ వైద్య పత్రికలో ఆవిడ ఈ పద్ధతి చూసిందట. అట్టలు కోసి బెజ్జాలు కొట్టి ఇచ్చింది తండ్రి. డ్యూటీ దిగాక రోజుకో గంట కూర్చుని, నయమై వెళ్ళినవాళ్ళ కాగితాలూ, చనిపోయినవాళ్ళ కాగితాలూ చదివి, వచ్చిన రోజు ఏం కనిపించింది, ఆఖరికి ఏమని తేలింది అని సరిచూసుకుని చీటీలు దిద్దుకునేది. ఏడేళ్ళు అలా చేసింది.

"పై దేశాల్లో పెద్ద మిషన్లు పెట్టి, లక్షణాలు చెప్తే జబ్బుల పేర్లు చెప్పేలాగ చేస్తన్నారంట సత్యా. గదంత మిషనంట. మన వార్డులో అది పెడితే మంచాలు వీధిలో వేసుకోవాలి. మనకి ఈ పెట్టె చాల్లే," అనేది.

చేరిన కొత్తలో ఒక పసిపిల్లను తెచ్చారు. జ్వరం, గొంతు నొప్పి. "గొంతు వాపు ఆపా," అని చెప్పేశాను. "పేరు ఎవరడిగేరు? ఏటి చూసేవో చెప్పు," అంది. చెప్పాను. మెడ ఉబ్బి ఉంది, శ్వాసలో కంపు ఉంది. "గొంతులోపల తెల్లటి పొర ఉందా?" నేను చూడలేదు. ఊచ దూర్చి విదిలిస్తే పడిన మూడు చీటీల్లో ఒకదాని మీద 'పొర కోసం చూడు' అని ఎర్ర సిరాతో రాసి ఉంది. వెళ్ళి దీపం వేసి చూస్తే గొంతులో బూడిదరంగు పొర. డిఫ్తీరియా. అప్పుడున్న చిన్న డాక్టరు మారుమాట లేకుండా మందు వేశాడు, పిల్ల బతికింది. ఆ సంబరంలో ఆ తర్వాత ఒక రోగిని సరిగా చూడకుండానే, తల్లి చెప్పిన నాలుగు మాటలు పట్టుకుని చీటీలు విదిలించి ఆపాకు తీసుకెళ్ళి ఇచ్చాను. చీటీలు నా మొహాన కొట్టినంత పని చేసింది. "ఇది డాక్టరనుకున్నావా? మనిషిని ముట్టుకోకుండా అట్టని నమ్మితే ఇంతకంటే పాపం లేదు. ఇది నీ బుర్రకి గుర్తుచేత్తది, అంతే. చూడ్డం నీ కళ్ళే చూడాలి."

చిన్న డాక్టరు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాక పెద్ద డాక్టరు ఒక్కరే మిగిలారు. ఆయన పేరు రాయను. గౌరవం కొద్దీ కాదు. ఆ పేరు ఇప్పటికే ఒక వీధి మొదట్లో పలక మీద ఉంది, అది చాలు. ఒకరోజు రౌండ్స్‌లో ఆపా చేతిలో గొడుగు ఊచ, చీటీలు చూసి ఆగారు. "ఇదేమిటి? చిలక జోస్యమా? చిలక ఏదీ?" అన్నారు. వెంట ఉన్న కాంపౌండరు నవ్వాడు, ఆయా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను. పెద్ద డాక్టరు నవ్వుతున్నారు గనక నవ్వాను. ఆపా నా వైపు ఒక్కసారి చూసి చీటీలు సర్దుకుంది.

ఆ ఏడాది వానలు తగ్గాక చుట్టుపక్కల పల్లెల్లో కలరా అన్న భయం బాగా పాకింది. అదే రోజుల్లో చేలకు కొట్టే కొత్త పురుగుమందులు కూడా పల్లెల్లోకి దిగాయి. ఒక మధ్యాహ్నం దేవరాపల్లి వైపు నుంచి నూకరాజు అనే రైతును ఎడ్లబండి మీద తెచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. వాంతులు, విరేచనాలు. భార్య అచ్చియమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్ద డాక్టరు గుమ్మంలోంచే చూశారు. "కలరా. సెలైన్ ఎక్కించండి. మనిషిని విడిగా ఉంచండి," అని చెప్పి గదిలోకి వెళ్ళిపోయారు.

ఆపా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కనురెప్పలు ఎత్తి చూసింది. "సత్యా, ఇలా రా. కళ్ళు చూడు." నల్లగుడ్డు మధ్యలో పాపలు ఆవగింజంత ఉన్నాయి. నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. చొక్కా చెమటతో నానిపోయింది. తొడల మీద కండలు వాటంతటవే అదురుతున్నాయి. "కలరా మనిషి ఎండిపోతాడే. ఈ మనిషి కారిపోతన్నాడు," అంది ఆపా. తర్వాత అచ్చియమ్మను అడిగింది, "పొద్దున్న ఏం పని చేసేడమ్మా?"

"సేనికి మందు కొట్టేడమ్మా. కొత్త మందు. సేత్తోటే కలిపేడు. గాలి ఇటు తిరిగింది, ఒళ్ళంతా పడిపోనాది."

ఆపా నన్ను పెట్టె తెమ్మంది. అక్కడే నేల మీద నేను ఊచ దూర్చాను. చెమట, చొంగ, చిన్న పాపలు, కండల అదురు. ఆఖరికి ఒకే ఒక్క చీటీ పడింది. పురుగుమందు విషం. అంతకు కొన్ని నెలల ముందే పత్రికలో చదివి ఆపా ఆ చీటీ రాసుకుంది. దాని అవసరం అప్పటిదాకా మాకు పడలేదు. 'ఒళ్ళు సబ్బుతో కడుగు, బట్టలు తీసెయ్యి, అట్రోపిన్, చొంగ ఆరేదాకా మళ్ళీ మళ్ళీ' అని ఉంది. అట్రోపిన్ మా దగ్గర ఉంది. ఆపరేషనుకు ముందు ఇవ్వడానికి ఉంచే మందు. ఆపా ఆ చీటీ పట్టుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సార్, ఒక్కసారి వచ్చి కళ్ళు చూడండి సార్."

"నేను చెప్పింది సెలైన్. పెట్టారా?"

"పెట్టేం సార్. కానీ కంటిపాపలు..."

"చూడు జేబున్నీసా. నేను చదివింది వైద్యం. నువ్వు చదివేది అట్టముక్కలు. ఆ మందు గుండె మీద పనిచేస్తుంది. నా ఆర్డరు లేకుండా సూది పెట్టావంటే రేపు నీకు ఇక్కడ పని ఉండదు." ఆయన ఆ చీటీని తీసుకోనైనా లేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

ఆపా వెనక్కి వచ్చి బట్టలు తీయించి, ఒళ్ళు కడిగించి, గొంతులో చొంగ తీస్తూ కూర్చుంది. సూది పెట్టలేదు. పొద్దు వాలకముందే నూకరాజు ఊపిరి ఆగిపోయింది. రిజిస్టరులో పెద్ద డాక్టరు తన చేత్తోనే 'కలరా' అని రాశారు.

ఆ ఒక్క మాట ఏం చేసిందో చెప్పాలి. కలరా అన్నారు గనక ఆ పల్లెలో బావుల్లో మందు చల్లారు, నూకరాజు ఇంట్లో కుండలు పగలగొట్టారు. చేనికి కొట్టే మందు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మిగిలిపోయిన మందు అరుగు మీదే ఉంది. తొమ్మిదో రోజున నూకరాజు తమ్ముడు సింహాచలం అదే మందు కలిపి అదే చేనికి కొట్టాడు. అదే ఎడ్లబండి మీద మా దగ్గరికి వచ్చాడు. అదే చొంగ, అవే ఆవగింజ పాపలు.

పెద్ద డాక్టరు ఆ పూట విశాఖపట్నంలో ఉన్నారు. ఆపా పెట్టె అడగలేదు. "అట్రోపిన్ తీసుకురా," అంది. "ఆర్డరు లేదు ఆపా," అన్నాను. తనే వెళ్ళి తెచ్చుకుని, తనే ఎక్కించి, తనే కాగితం మీద టైము రాసి సంతకం పెట్టింది. మళ్ళీ కాసేపటికి ఇంకోటి. మళ్ళీ ఇంకోటి. సాయంత్రానికి అతని నోరు ఆరింది, పాపలు విచ్చుకున్నాయి. మూడో రోజున లేచి కూర్చుని గంజి అడిగాడు.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. కమిటీ గదిలో ముగ్గురు వర్తకులు, పక్కన పెద్ద డాక్టరు. నన్ను సాక్షిగా పిలిచారు. "డాక్టరు గారి ఆర్డరు ఉందామ్మా?" అని అడిగారు. "లేదండి," అన్నాను. "సూది పెట్టింది ఎవరు?" "జేబున్నీసా సిస్టరండి." "సరే, వెళ్ళమ్మా." నేను వెళ్ళిపోయాను. బయట వరండాలో సింహాచలం బతికి, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అతన్ని లోపలికి పిలవాలని ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు. పిలవమని నేనూ అనలేదు. ఇది తలుచుకుంటే నాకు ఈరోజుకీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద ఎంతో నా మీద అంత.

ఆ మధ్యాహ్నమే ఆపాను పనిలోంచి తీసేశారు. రేకు పెట్టె ఆసుపత్రి సొత్తన్నారు. చీటీలు నీళ్ళు కాచే పొయ్యిలో వేయించారు. ఆపా గేటు దగ్గర నా కోసం ఆగింది. తిడుతుందనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు. "అడిగినదానికి జవాబు చెప్పేవు సత్యా. అబద్ధం చెప్పలేదు. అడగనిదే కదా అసలు సంగతి? ఇన్నాళ్ళూ నా దగ్గర ఏటి నేర్చుకున్నట్టు?" అని వెళ్ళిపోయింది.

రెండు నెలలు ఆ దారిన పోలేకపోయాను. ఆఖరికి ఒక ఆదివారం బైండింగు దుకాణానికి వెళ్ళాను. ఆపా తండ్రి పక్కన కూర్చుని అట్టలకు జిగురు రాస్తోంది. ఇంకో పక్క పెద్ద అక్షరాలతో రాసిన అట్టలు ఆరబెట్టి ఉన్నాయి. మందు కొట్టే మనిషికి చెమట, చొంగ, చిన్న పాపలు కనిపిస్తే ఏం చెయ్యాలి, ఆసుపత్రిలో ఏమని చెప్పాలి అని. సింహాచలం వాటిని పల్లెలకు పట్టుకెళ్ళి, మందులమ్మే కొట్లలో వేలాడగడుతున్నాడట. నేను ఏడుస్తూ తప్పయిందన్నాను. ఆపా చేతిలో కుంచె ఆపలేదు.

"తప్పు నాకెందుకు చెప్తావు? అచ్చియమ్మకి చెప్పు. నీ మొగుడికి కలరా కాదని ఎవరైనా చెప్పేరా ఆమెకి?"

మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. అచ్చియమ్మ చెరకు తోటలో ఆకు దూస్తోంది. గట్టు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. కళ్ళు చూసిన సంగతి, చీటీ పడిన సంగతి, మందు బీరువాలో ఉన్న సంగతి. ఆమె వింటూ వింటూ చేతిలో ఆకు ముక్కలు ముక్కలుగా చీరేసింది.

"కలరా యిల్లని మా గుమ్మం తొక్కలేదమ్మా ఎవులూ. నా పిల్లల్ని దగ్గరికి రానియ్యలేదు. నువ్వు ఆ రోజు ఆడే నిలబడ్డావు గదా? నీకు తెలుసు గదా? మరి నీ నోరేటయిపోనాది?"

ఆమె కొంగు దులుపుకుని లేచింది. "పద," అంది. "ఎక్కడికి?" "ఆసుపత్రికి. నాకు సెప్పింది ఆడ సెప్పు."

ఓపీ నడిచే వేళకు వెళ్ళాం. వరండా నిండా జనం. అచ్చియమ్మ పెద్ద డాక్టరు బల్ల ముందు నిలబడి, "నా మొగుడికి కలరా కాదంట. ఆ బుక్కులో మార్సండి," అంది. ఆయన నా వైపు చూశారు. "ఏం సత్యవతీ, ఏమిటిది? నీ ఉద్యోగం సంగతి గుర్తుందా?" అన్నారు. గుర్తుంది. ఆ ఉద్యోగం మీదే మా ఇల్లు నడుస్తోంది. అయినా మొదలుపెట్టాక ఆగలేదు. కంటిపాపలు, చొంగ, ఆయన ముట్టుకోని చీటీ, వరండాలో కూర్చోబెట్టిన సింహాచలం, పొయ్యిలో వేసిన చీటీలు, ఒక్కటీ వదల్లేదు. ఆయన కేకలు వేశారు. నేను ఇంకా గట్టిగా చెప్పాను. క్యూలో ఉన్నవాళ్ళు తోవ ఇవ్వకుండా నిలబడి విన్నారు.

సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. రిజిస్టరులో ఆ మాట మారలేదు. ఆయనకు ఏమీ కాలేదు. ఆ తర్వాత సన్మానాలు కూడా జరిగాయి. ఆ వారంలో అచ్చియమ్మ ఇంటికి పక్కింటావిడ వచ్చి మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిందని సింహాచలం చెప్పాడు. మేం గెలిచింది అంతే. అది చిన్నదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

ఆపా మళ్ళీ ఏ ఆసుపత్రిలోనూ చేరలేదు. దుకాణంలో కూర్చుని చీటీలన్నీ జ్ఞాపకం మీద మళ్ళీ రాసింది. నేను విశాఖపట్నంలో వేరే ఆసుపత్రిలో చేరాక, సెలవు రోజుల్లో వెళ్ళి పక్కన కూర్చుని బెజ్జాలు చీల్చేదాన్ని. ఏళ్ళు గడిచాయి. నన్ను మన్నించానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. ఆవిడ పోయినప్పుడు ఊళ్ళో ఎవరూ సంతాప సభ పెట్టలేదు.

ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశాను. ఏ డాక్టరు ముందు నిలబడినా, ఆయన అడిగినవన్నీ చెప్పాక, "మీరు అడగలేదు గానీ సార్," అని ఇంకో మాట మొదలుపెట్టేదాన్ని. కొందరు విన్నారు. కొందరు విసుక్కున్నారు. కొన్నిసార్లు నా మాటే తప్పయింది, నవ్వులపాలయ్యాను. వెనకాల నన్ను 'అడగలేదుగానీ సిస్టరు' అనేవారని నాకు తెలుసు. రిటైరైన రోజున ఆ పేరు పెట్టినవాళ్ళే దండ వేసి, మనసులో ఏ కోపాలూ పెట్టుకోవద్దని, అందరినీ మన్నించేసి హాయిగా ఉండమని చెప్పారు. పువ్వులు తీసుకున్నాను. కోపం మాత్రం నాతో ఇంటికి తెచ్చుకున్నాను.